కీబోర్డు ఒక తాళం, కంప్యూటర్ ఇంకో తాళం: టైమింగ్ సరిచేసుకోవడం ఎలా?

"కీబోర్డులో స్టైల్ వేసి కంప్యూటర్‌లోకి రికార్డ్ చేస్తున్నాను. పల్లవి బాగానే ఉంటుంది. మొదటి చరణంలో కొంచెం తేడా వస్తుంది, రెండో చరణానికి పూర్తిగా తప్పిపోతోంది. రెండు చోట్లా టెంపో 120 అనే ఉంది. మరి ఎందుకిలా?"

ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. (స్టైల్ అంటే కీబోర్డు తనంతట తాను వాయించే రిథమ్, తోడు సంగీతం.) కొందరు రిథమ్ ప్యాడ్ గురించి అడుగుతారు, కొందరు పాత సింథ్ గురించి, ఇంకొందరు రెండు ల్యాప్‌టాప్‌ల గురించి. వీళ్లలో చాలామంది అప్పటికే ఎవరో చెప్పారని బఫర్ సైజు (కంప్యూటర్ ఒక్కోసారి ఎన్ని శాంపిళ్ల శబ్దాన్ని పోగుచేసుకుంటుందో ఆ అంకె) తగ్గించి, ఫలితం లేక విసుగెత్తి ఉంటారు. టైమింగ్ తప్పడం అనేది ఒక జబ్బు కాదు, మూడు జబ్బులు. జ్వరానికీ కాలు బెణుకుకీ ఒకే మాత్ర వేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. అందుకే ఏ సెట్టింగునూ ముట్టుకోకముందు ఒక చిన్న పరీక్ష చేసి, మీది ఏ రకమో తేల్చుకోండి. ఆ తర్వాత పని సులువు.

దగ్గర ఉండాల్సినవి

- కంప్యూటర్, మీరు వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. క్యూబేస్, రీపర్, ఎబుల్టన్ లైవ్, లాజిక్, ఎఫ్ఎల్ స్టూడియో ఏదైనా ఫర్వాలేదు.
- ఆడియో ఇంటర్‌ఫేస్, దాని కంపెనీవాళ్లే ఇచ్చిన డ్రైవర్.
- కీబోర్డుకు యూఎస్‌బీ కేబుల్. చాలా కీబోర్డులకు వెనక చదరంగా ఉండే పోర్టు ఉంటుంది, దానికి ప్రింటర్ కేబుల్ సరిపోతుంది. పాత మోడల్ అయితే 5 పిన్నుల మిడి కేబుల్, దానికి తగ్గ ఇంటర్‌ఫేస్. (మిడి అంటే శబ్దం కాదు, ఏ నోటు ఎప్పుడు నొక్కారో చెప్పే సంకేతం.)
- రెండు వైపులా పెద్ద జాక్ ఉన్న ఒక పొట్టి కేబుల్. షాపులో పీ-38 అంటే ఇస్తారు.
- వైరున్న హెడ్‌ఫోన్లు. బ్లూటూత్‌వి వద్దు, కారణం కింద ఉంది.
- కీబోర్డు మాన్యువల్. పుస్తకం పోయి ఉంటే కంపెనీ వెబ్‌సైటులో పీడీఎఫ్ దొరుకుతుంది. దీన్ని దాటేయకండి, ఐదో అడుగులో ఇది తప్పనిసరి.

అడుగు 1: కొలిచే ముందు సర్దుకోండి

కొత్త ఖాళీ ప్రాజెక్టు తెరవండి. పాట ఉన్న ప్రాజెక్టులో పరీక్షలు చేయకండి. అందులో మాస్టర్ మీద ఉన్న లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్యూ లాంటి ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాములు) తమ వంతు ఆలస్యం కలుపుతాయి, అప్పుడు మీరు కొలిచేది ఏమిటో మీకే అర్థం కాదు.

శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క) ప్రాజెక్టులోనూ, ఇంటర్‌ఫేస్ కంట్రోల్ ప్యానెల్‌లోనూ ఒకటే ఉందో లేదో చూడండి. ఒకచోట 44.1 కిలోహెర్ట్జ్, ఇంకోచోట 48 ఉంటే ముందు అది సరిచేయండి. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ సొంత ఏసియో డ్రైవర్ (ఆలస్యం తక్కువగా ఉండే రకం) ఎంచుకోండి. ఏసియో4ఆల్ అనేది విండోస్ మామూలు డ్రైవర్ మీద వేసిన ముసుగు మాత్రమే. వేరే దారి లేనప్పుడు వాడుకోవచ్చు కానీ అది సాఫ్ట్‌వేర్‌కు చెప్పే ఆలస్యం లెక్క నిజమైన ఆలస్యంతో కలవకపోవచ్చు.

బఫర్ 128 లేదా 256 దగ్గర పెట్టి, పరీక్ష అయ్యేదాకా మార్చకండి. 44.1 దగ్గర 128 శాంపిళ్లంటే 2.9 మిల్లీసెకన్లు, 256 అంటే 5.8, 512 అంటే 11.6, 1024 అంటే 23. ఇది ఒక వైపు ప్రయాణానికే. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి లెక్కేసుకోవాలి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లు, బ్లూటూత్ స్పీకర్ తీసేయండి. మామూలు బ్లూటూత్ ఆడియోలో ఆలస్యం సాధారణంగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది. "కీ నొక్కితే శబ్దం లేటుగా వస్తోంది" అనే ఫిర్యాదు కొన్నిసార్లు ఇక్కడితోనే తీరిపోతుంది.

అడుగు 2: నాలుగు నిమిషాల పరీక్ష

1. టెంపో 120, 4/4 పెట్టండి.

2. ఒక మిడి ట్రాక్ తీసుకుని ప్రతి బీటుకూ ఒక నోటు చొప్పున నాలుగు నిమిషాలు నింపండి. మొదటి రెండు బార్లు (ఇక్కడ ఒక బార్ అంటే నాలుగు బీట్లు) ఖాళీగా వదలండి. నోట్లన్నీ గ్రిడ్ (తెర మీద బీట్లను చూపే గీతలు) మీదే ఉండాలి, చేత్తో వాయించినవి కాదు.

3. ఆ ట్రాక్ అవుట్‌పుట్ మీ కీబోర్డుకో ప్యాడ్‌కో ఇవ్వండి. శబ్దం రిమ్‌షాట్, క్లేవ్స్ లాంటి టక్కుమనేది ఎంచుకోండి. స్ట్రింగ్స్‌తో, వేణువుతో ఈ పరీక్ష చేయకూడదు. వాటి శబ్దం మెల్లగా మొదలవుతుంది కాబట్టి వేవ్‌లో అసలు ఆరంభం ఎక్కడుందో పట్టుకోలేరు. ఉన్న రివెర్బ్, కోరస్ కూడా ఆపేయండి.

4. కీబోర్డు లైన్ అవుట్ ఇంటర్‌ఫేస్‌కి కలిపి, వచ్చే శబ్దాన్ని ఒక ఆడియో ట్రాక్‌లో పూర్తిగా రికార్డ్ చేయండి. మధ్యలో వేరే పని చేయకండి.

5. మీ సమస్య కీబోర్డు సొంత స్టైల్‌తోనో, అర్పెజియేటర్‌తోనో (పట్టుకున్న నోట్లను ఒక్కొక్కటిగా వరసగా వాయించేది), రిథమ్ బాక్స్‌తోనో అయితే ఇంకోసారి రికార్డ్ చేయండి. ఈసారి నోట్లు పంపకుండా దాని సొంత రిథమ్‌ను నడపండి. ప్రతి బీటు మీదా గట్టి దెబ్బ ఉన్న స్టైల్ అయితే చూడటానికి సులువు.

ఇప్పుడు వేవ్‌ఫామ్‌ను బాగా పెద్దది చేసి ఐదు చోట్ల కొలవండి: 3వ బార్, 30వ బార్, 60వ బార్, 90వ బార్, చివరి బార్. ప్రతిచోటా గ్రిడ్ గీత నుంచి దెబ్బ మొదలైన చోటు దాకా ఎన్ని మిల్లీసెకన్లో కాగితం మీద రాసుకోండి. సాఫ్ట్‌వేర్ శాంపిళ్లలో చూపిస్తే 44.1 దగ్గర 44తో, 48 దగ్గర 48తో భాగిస్తే చాలు. ఒక్కోచోట వరసగా నాలుగైదు దెబ్బలు కొలవడం మర్చిపోవద్దు. ఒకే దెబ్బ చూస్తే తడబాటు దొరకదు.

అడుగు 3: అంకెలు ఏం చెబుతున్నాయి?

అన్నిచోట్లా 11, 12, 11, 12 లా ఉంటే మీది స్థిరమైన ఆలస్యం. మూడింటిలో ఇదే తేలిక. నాలుగో అడుగుకు వెళ్లండి.

8, 55, 110, 160, 208 లా పెరుగుతూ పోతే, లేదా మైనస్ వైపు తగ్గుతూ పోతే అది డ్రిఫ్ట్. రెండు గడియారాలు విడివిడిగా నడుస్తున్నాయి. ఐదో అడుగు చూడండి.

సగటున పెరగకుండా 4, 13, 6, 17, 5 అని పక్కపక్క దెబ్బలే ఊగుతుంటే అది జిట్టర్. ఆరో అడుగు.

కొంతసేపు సరిగ్గా ఉండి హఠాత్తుగా అర బీటో, ఒక బీటో గెంతితే క్లాక్ పల్స్‌లు (టెంపో చెప్పే సంకేతాలు, వివరం ఐదో అడుగులో) మధ్యలో పోతున్నాయన్నమాట. ఇదీ ఆరో అడుగులోనే.

రెండు రకాలు కలిసి ఉండటం మామూలే. అప్పుడు డ్రిఫ్ట్ ముందు, జిట్టర్ తర్వాత, ఆలస్యం చివర సరిచేయండి. ఊగుతున్న అంకెకు ఆఫ్‌సెట్ (ఆలస్యాన్ని సరిచేసే సవరణ అంకె) పెట్టాలని చూస్తే రోజంతా పెడుతూనే ఉంటారు.

అడుగు 4: స్థిరమైన ఆలస్యం

ఇందులో రెండు భాగాలుంటాయి: రికార్డింగ్ దారిలో ఇంటర్‌ఫేస్ తినేది, కీబోర్డూ మిడి దారీ తినేది. విడివిడిగా సరిచేయాలి.

ముందు ఇంటర్‌ఫేస్ సంగతి. దీనికే ఆ పొట్టి కేబుల్.

1. స్పీకర్లు పూర్తిగా తగ్గించండి, హెడ్‌ఫోన్లు చెవి నుంచి తీసేయండి. 48 వోల్టుల ఫాంటమ్ (మైకుకు వెళ్లే కరెంటు) ఆపండి. డైరెక్ట్ మానిటర్ (ఇన్‌పుట్ శబ్దాన్ని కంప్యూటర్‌కు వెళ్లకుండానే నేరుగా వినిపించేది) ఆపండి. రికార్డ్ చేసే ట్రాక్‌లో మానిటరింగ్ కూడా ఆపండి. ఇవన్నీ చేయకుండా కేబుల్ పెడితే కూత మొదలై స్పీకర్‌కో చెవికో దెబ్బ తగలొచ్చు.

2. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి దాని లైన్ ఇన్‌పుట్‌కే కేబుల్ పెట్టండి.

3. గ్రిడ్ మీద కచ్చితంగా ఉన్న ఒక క్లిక్ ఆడియోను ప్లే చేస్తూ, అదే ఇన్‌పుట్ నుంచి కొత్త ట్రాక్‌లోకి రికార్డ్ చేయండి.

4. రెండు ట్రాకుల మధ్య తేడా శాంపిళ్లలో చూడండి. సున్నా లేదా ఒకటి రెండు శాంపిళ్లయితే మీ డ్రైవర్ నిజమే చెబుతోంది, ఏమీ చేయక్కర్లేదు. ఎక్కువ ఉంటే ఆ అంకెను సాఫ్ట్‌వేర్‌లో నింపాలి. ఎబుల్టన్‌లో ఆడియో సెట్టింగ్స్ కింద డ్రైవర్ ఎర్రర్ కాంపెన్సేషన్, లాజిక్‌లో రికార్డింగ్ డిలే, రీపర్‌లో ఆడియో కింద రికార్డింగ్ పేజీలో మాన్యువల్ ఆఫ్‌సెట్, క్యూబేస్‌లో రికార్డ్ షిఫ్ట్.

5. మళ్లీ అదే పరీక్ష చేయండి. తేడా పోవడానికి బదులు రెట్టింపైతే ప్లస్, మైనస్ తారుమారైంది. గుర్తు మార్చండి. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ గుర్తో గుర్తుంచుకోవడం కంటే ఇలా చూసుకోవడమే నయం.

ఇప్పుడు కీబోర్డు పరీక్ష మళ్లీ చేస్తే మిగిలిన ఆలస్యం కీబోర్డుదీ మిడి దారిదీ. కొన్ని మిల్లీసెకన్లు ఉండటం సహజం. ఆ పరికరానికి నోట్లు పంపే ట్రాక్‌కు అంత మైనస్ డిలే పెట్టండి. ఎబుల్టన్‌లో ఎక్స్‌టర్నల్ ఇన్‌స్ట్రుమెంట్ వాడితే అందులోనే హార్డ్‌వేర్ లేటెన్సీ అనే గడి ఉంది. నోట్లు కాక క్లాక్ పంపుతుంటే ఎబుల్టన్‌లో ఆ పోర్టుకు మిడి క్లాక్ సింక్ డిలే, లాజిక్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లోని సింక్రొనైజేషన్ పేజీ, రీపర్‌లో ఆ మిడి అవుట్‌పుట్ సెట్టింగులోని ఆఫ్‌సెట్ ఉన్నాయి. పరికరం వెనకబడితే మైనస్ పెట్టాలి, అంటే క్లాక్ ముందుగా బయల్దేరుతుంది.

బఫర్ మార్చినా, శాంపిల్ రేటు మార్చినా ఈ అంకె మారొచ్చు. అందుకే రికార్డింగ్‌కు ఒక బఫర్ సైజు ఖాయం చేసుకుని, పక్కన చీటీ మీద రాసి అంటించుకోండి.

వాయించేటప్పుడు అనిపించే ఆలస్యం వేరే సంగతి. దానికి ఆఫ్‌సెట్ పనికిరాదు, ఎందుకంటే మీరింకా నొక్కని నోటును ముందుగా పంపే మార్గం లేదు. బఫర్ తగ్గించడం ఒక్కటే దారి, పాడేవాళ్లకైతే డైరెక్ట్ మానిటర్. ఇంకోటి, స్పీకర్ మీకు 3 మీటర్ల దూరంలో ఉంటే గాలిలోనే దాదాపు 9 మిల్లీసెకన్లు పోతాయి. సెట్టింగులు తిరగేసే ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూడండి.

అడుగు 5: డ్రిఫ్ట్, అంటే రెండో చరణం సమస్య

ఎక్కువమందిది ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

రెండు పరికరాల మీదా 120 అని రాసి ఉన్నంత మాత్రాన రెండూ 120 కాదు. తెర మీద కనిపించేది గుండ్రం చేసిన అంకె కావచ్చు. ఒకటి 120, రెండోది 120.1 అనుకోండి, నాలుగు నిమిషాల్లో 200 మిల్లీసెకన్ల తేడా వస్తుంది. 120 టెంపోలో బీటుకు 500 మిల్లీసెకన్లు కాబట్టి అది దాదాపు అర బీటు. అంకెలు సరిపోల్చి, ఒకేసారి రెండు చోట్లా స్టార్ట్ నొక్కి సింక్ చేయాలనుకోవడం ఎప్పటికీ కుదిరే పని కాదు. ఒకటి నడిపించాలి, రెండోది దాని వెంట నడవాలి. ఆ నడిపించే సంకేతమే మిడి క్లాక్: ప్రతి బీటుకూ 24 పల్స్‌లు. 120 టెంపోలో 20.8 మిల్లీసెకన్లకు ఒకటి.

1. ముందుగా మాన్యువల్ చివరి పేజీల్లో మిడి ఇంప్లిమెంటేషన్ చార్ట్ చూడండి. సిస్టమ్ రియల్ టైమ్ అనే వరసలో క్లాక్, కమాండ్స్ అని ఉంటాయి. రికగ్నైజ్డ్ అనే నిలువు గడిలో సున్నా గుర్తు ఉంటే ఆ పరికరం క్లాక్ వెంట నడుస్తుంది, ఇంటూ గుర్తు ఉంటే నడవదు. సున్నా అంటే లేదని, ఇంటూ అంటే టిక్కని పొరబడకండి. ఇక్కడ సున్నాయే అవును. ఇంటూ ఉంటే ఈ అడుగులో మిగతాదంతా వదిలేసి ఎనిమిదో అడుగుకు వెళ్లిపోండి, ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు.

2. కంప్యూటర్‌ను నాయకుడిగా పెట్టండి. పాటంతా అందులోనే ఉంటుంది కాబట్టి ఇదే మంచిదని నా అభిప్రాయం. తిరగేస్తే, అంటే కీబోర్డు క్లాక్ వెంట కంప్యూటర్ నడిస్తే, సాఫ్ట్‌వేర్ వచ్చే పల్స్‌లను కొలిచి టెంపో ఊహించుకోవాలి. 119.8, 120.3 అంటూ ఊగుతుంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ పని సరిగా చేయనే చేయవు.

3. సాఫ్ట్‌వేర్‌లో ఆ పోర్టుకు క్లాక్ పంపడం ఆన్ చేయండి. ఎబుల్టన్‌లో అవుట్‌పుట్ పోర్టు పక్కన సింక్. రీపర్‌లో మిడి పరికరాల పేజీలో ఆ అవుట్‌పుట్ మీద రైట్ క్లిక్ చేస్తే క్లాక్ పంపే ఎంపిక. క్యూబేస్‌లో ప్రాజెక్ట్ సింక్రొనైజేషన్ సెటప్‌లో మిడి క్లాక్ డెస్టినేషన్స్. ఎఫ్ఎల్ స్టూడియోలో రెండు చోట్ల చేయాలి: మిడి సెట్టింగ్స్‌లో ఆ పోర్టుకు సెండ్ మాస్టర్ సింక్, ఆప్షన్స్ మెనూలో ఎనేబుల్ మిడి మాస్టర్ సింక్. రెండోది మర్చిపోవడం ఎఫ్ఎల్ వాళ్లకు మామూలు.

4. కీబోర్డు మిడి మెనూలో క్లాక్ అనే సెట్టింగును ఇంటర్నల్ నుంచి మార్చండి. యూఎస్‌బీతో కలిపితే యూఎస్‌బీ, 5 పిన్నులతో కలిపితే మిడి, కొన్ని మోడళ్లలో ఉత్త ఎక్స్‌టర్నల్. యమహా పెద్ద మోడళ్లలో వచ్చే స్టార్ట్ సంకేతం స్టైల్‌ను నడపాలా, సాంగ్‌ను నడపాలా అని ఇంకో ఎంపిక ఉంటుంది. అది సాంగ్ మీద ఉంటే స్టైల్ కదలదు.

5. పని చేస్తోందో లేదో చూడటానికి నాలుగు నిమిషాలు అక్కర్లేదు. ప్లే చేస్తూ కంప్యూటర్ టెంపోను 120 నుంచి 90కి దించండి. కీబోర్డు కూడా వెంటనే నెమ్మదించాలి. దాని సొంత టెంపో బటన్లు ఇంకా పనిచేస్తుంటే అది ఇంకా తన గడియారం మీదే ఉందని అర్థం.

హెచ్చరిక: పని అయ్యాక క్లాక్‌ను తిరిగి ఇంటర్నల్‌కు మార్చండి. మర్చిపోతే ప్రోగ్రాం రోజు స్టేజీ మీద స్టైల్ బటన్ నొక్కితే రిథమ్ మొదలే కాదు, కీబోర్డు పాడైందని టెన్షన్ పడతారు. అది రాని క్లాక్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, అంతే.

క్లాక్ సరిగ్గా అందుతున్నా డ్రిఫ్ట్ పోకపోతే మిగిలిన అనుమానితులు వీళ్లు.

శాంపిల్ రేటు. శ్రుతి కూడా మారిపోయి ఉంటే ఇదే. 44.1లో రికార్డ్ చేసినదాన్ని 48 అనుకుని వాయిస్తే నాలుగు నిమిషాల పాట 3 నిమిషాల 40 సెకన్లకే అయిపోతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ పెరుగుతుంది.

రెండు సౌండ్ కార్డులు. ఇప్పటి కీబోర్డులు, సింథ్‌లు కొన్ని యూఎస్‌బీ మీద ఆడియో కూడా పంపుతాయి, కంప్యూటర్‌కు అదొక సౌండ్ కార్డు. దాన్నీ ఇంటర్‌ఫేస్‌నూ కలిపి వాడితే రెండు స్ఫటికాలు, రెండు గడియారాలు. మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్‌లో అగ్రిగేట్ డివైస్ చేసుకుని, ఒకదాన్ని క్లాక్ సోర్స్‌గా పెట్టి రెండోదానికి డ్రిఫ్ట్ కరెక్షన్ టిక్ పెట్టండి. విండోస్‌లో అయితే ఆ గొడవ పెట్టుకోకుండా కీబోర్డు లైన్ అవుట్‌నే ఇంటర్‌ఫేస్‌కు కలపండి. ఆప్టికల్ లేదా ఎస్‌పీడిఫ్ కేబుల్‌తో రెండు పెట్టెలు కలిపితే, అందుకునే పెట్టెలో క్లాక్ సోర్స్‌ను ఆ డిజిటల్ ఇన్‌పుట్‌కు మార్చాలి. అలా చేయకపోతే అప్పుడప్పుడు టిక్ టిక్ అనే శబ్దాలు వస్తాయి.

ప్యాడ్‌లోని లూప్. శాంప్లింగ్ ప్యాడ్ మీద డప్పు లూపో డోలక్ లూపో పెట్టుకుని వాయించేవాళ్లు ఇది చూడాలి. 120 టెంపోలో రెండు బార్ల లూప్ అంటే సరిగ్గా 4 సెకన్లు, 44.1లో 1,76,400 శాంపిళ్లు. మీరు కత్తిరించినప్పుడు 1,76,900 వచ్చిందనుకోండి. ఒక్కో చుట్టుకు 11 మిల్లీసెకన్లే, చెవికి తెలియదు. నాలుగు నిమిషాల్లో 60 చుట్లు, మొత్తం 680 మిల్లీసెకన్లు. ఫైలును ఉన్నది ఉన్నట్టుగా తిప్పే ప్యాడ్‌కు మిడి క్లాక్ ఏమీ చేయలేదు. కంప్యూటర్‌లో బార్ గీతల దగ్గర కచ్చితంగా కత్తిరించి మళ్లీ ఎక్కించండి. ఎంపీ3 వద్దు, వేవ్ ఫైలే వాడండి. ఎంపీ3 చేసేటప్పుడు ముందు వెనకల కాస్త నిశ్శబ్దం చేరుతుంది.

అడుగు 6: జిట్టర్, గెంతులు

ఇక్కడ ఒక్క మందు లేదు. ఒక్కొక్కటిగా మార్చి, ప్రతిసారీ ఒక నిమిషం రికార్డ్ చేసి కొలవండి. నాలుగు ఒకేసారి మార్చితే ఏది పని చేసిందో తెలియదు.

- యూఎస్‌బీ హబ్ తీసేసి కీబోర్డును నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టండి. ఇంటర్‌ఫేస్‌కు ఒక పోర్టు, మిడికి ఇంకోటి.
- చవక యూఎస్‌బీ మిడి కేబుళ్లను అనుమానించండి. నోట్లు బాగానే పంపి, నోట్లూ క్లాకూ కలిసి వచ్చినప్పుడు తడబడేవి ఉన్నాయి. ఆడియో ఇంటర్‌ఫేస్ వెనక 5 పిన్నుల పోర్టులు ఉంటే ముందు అవే వాడండి.
- దారిలో రద్దీ తగ్గించండి. 5 పిన్నుల మిడి వేగం 1983 నుంచి సెకనుకు 31,250 బిట్లే. ఒక నోటుకు దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. పది నోట్లు ఒకేసారి పంపితే పదోది 10 మిల్లీసెకన్లు వెనక. దాని మీద ఆఫ్టర్‌టచ్ (నొక్కిన కీని ఇంకా అదిమితే వెళ్లే సంకేతం), పిచ్ బెండ్ కూడా పోస్తే ఇక చెప్పేదేముంది. అక్కర్లేని ఆఫ్టర్‌టచ్‌ను ఫిల్టర్ చేయండి. డ్రమ్స్ ఒక పోర్టులో, మిగతావి ఇంకో పోర్టులో పంపండి.
- నాలుగైదు పరికరాలను త్రూ (వచ్చిన సంకేతాన్నే ముందుకు పంపే పోర్టు) మీదుగా గొలుసులా కలపకండి. త్రూ బాక్స్ ఒకటి పెట్టి విడివిడిగా ఇవ్వండి. ఒక్కో కేబుల్ 15 మీటర్లు దాటకూడదు.
- విండోస్‌లో పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆఫ్. వైఫై ఆపి చూడండి. ల్యాటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో చూపిస్తుంది. క్యూబేస్ వాడే వాళ్లకు, రికార్డ్ చేసిన మిడి నోట్లు ఊగుతుంటే స్టూడియో సెటప్‌లో యూజ్ సిస్టమ్ టైమ్‌స్టాంప్ అనే టిక్ మార్చి చూడండి.
- బ్లూటూత్ మిడి ట్యూన్ కట్టుకోవడానికి సౌకర్యం, క్లాక్‌కు వద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా రెండు మూడు మిల్లీసెకన్ల ఊగులాట మిగిలితే వదిలేయండి. టెక్నో లాంటి సంగీతం చేసేవాళ్లకు అది కూడా పడదంటే, ఆడియో సంకేతం నుంచి క్లాక్ తయారుచేసే ప్రత్యేక పెట్టెలున్నాయి. ఇ-ఆర్‌ఎం మల్టీక్లాక్, ఎక్స్‌పర్ట్ స్లీపర్స్ వాళ్ల యూసామో అలాంటివి. ఆడియో శాంపిల్ ఎంత స్థిరంగా వెళ్తుందో క్లాక్ కూడా అంతే స్థిరంగా వెళ్తుంది. ఇంట్లో పాటలు చేసుకునేవాళ్లకు ఆ ఖర్చు దండగ.

అడుగు 7: సింక్ తప్పినట్టు కనిపించే వేరే తప్పులు

నోటు రెండుసార్లు మోగుతోంది, లేదా శబ్దం డొల్లగా ఉంది: కీబోర్డు తన శబ్దం తాను చేస్తూనే, కంప్యూటర్ తిప్పి పంపిన నోటునూ వాయిస్తోంది. కీబోర్డులో లోకల్ కంట్రోల్ ఆఫ్ చేయండి. స్టేజీకి వెళ్లే ముందు మళ్లీ ఆన్ చేయండి, లేకపోతే కీలు నొక్కినా శబ్దం రాదు.

రిథమ్ రెట్టింపు వేగంతో పరుగెడుతోంది: యూఎస్‌బీ, 5 పిన్నులు రెండింట్లోనూ క్లాక్ వెళ్తోందేమో చూడండి. ఒకదాన్ని ఆపేయండి. కోర్గ్ వోల్కా, పాకెట్ ఆపరేటర్ లాంటి చిన్న పెట్టెల సింక్ జాక్‌కు బీటుకు రెండు పల్స్‌లే కావాలి. ఆర్టూరియా కీస్టెప్ లాంటివాటిలో ఈ లెక్క మార్చుకోవచ్చు.

మొదలైన వెంటనే కంప్యూటర్, కీబోర్డు రెండూ పిచ్చిగా తిరుగుతున్నాయి: కంప్యూటర్ క్లాక్ పంపుతోంది, అదే పోర్టు నుంచి క్లాక్ తీసుకుంటోంది కూడా. ఇన్‌పుట్ వైపు సింక్ ఆఫ్ చేయండి.

6/8 పాటలో మాత్రమే తప్పుతోంది: ఒక పరికరం టెంపోను మామూలు క్వార్టర్ నోటుతో లెక్కిస్తే, ఇంకోటి చుక్క పెట్టిన క్వార్టర్ నోటుతో లెక్కించొచ్చు. అక్కడ 120, ఇక్కడ 80, వేగం మాత్రం ఒకటే. దాద్రా మీద నడిచే పాటల్లో ఇది తరచూ ఎదురవుతుంది.

బీటు కలుస్తోంది కానీ సమం కలవడం లేదు: మిడి క్లాక్‌కు తాళం తెలియదు, పల్స్‌లు మాత్రమే తెలుసు. కంప్యూటర్‌లో మిశ్రచాపుకు 7/8 పెట్టి, కీబోర్డులో 4/4 స్టైల్ వేస్తే పల్స్ తప్పదు కానీ బార్లు తలో దారిన పోతాయి. స్టైల్‌నే మార్చాలి.

పాట మధ్యలో నుంచి ప్లే చేస్తే కుదరడం లేదు: చాలా కీబోర్డుల స్టైల్ ఎక్కడ స్టార్ట్ చేసినా తన మొదటి బార్ నుంచే మొదలవుతుంది. రిథమ్ ట్రాక్ ఎప్పుడూ మొదటి నుంచే రికార్డ్ చేయండి. కొన్ని పాత పరికరాలకు స్టార్ట్ తెలుసు, కంటిన్యూ తెలియదు. వాటి కోసం క్యూబేస్‌లో ఎప్పుడూ స్టార్ట్ సంకేతమే పంపే ఎంపిక ఉంది.

అడుగు 8: పరికరం క్లాక్ వినకపోతే

చార్టులో ఇంటూ గుర్తు ఉన్నవాళ్ల దారి ఇది. నిజానికి స్టూడియో పనికి మిగతావాళ్లకూ ఇదే నా సలహా.

స్టైల్‌ను సింక్ చేసే బదులు దాని నోట్లనే కంప్యూటర్‌లోకి తెచ్చేసుకోండి. కీబోర్డు స్టైల్ భాగాలను మిడిగా బయటికి పంపగలిగితే, ఒక్కో భాగం ఒక్కో ఛానెల్‌లో సాఫ్ట్‌వేర్‌లోకి రికార్డవుతుంది. కొన్ని మోడళ్లలో ముందుగా సాంగ్‌గా రికార్డ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో స్టాండర్డ్ మిడి ఫైల్‌గా దించుకోవచ్చు. ఆ ఫైల్‌ను ప్రాజెక్టులో పెట్టండి, నోట్లను తిరిగి కీబోర్డుకు పంపండి. ఇప్పుడు రిథమ్ కంప్యూటర్ చేతిలో ఉంది, కీబోర్డు శబ్దం మాత్రమే ఇస్తోంది. టెంపో మార్చుకోవచ్చు, చరణంలో ఫిల్ జరుపుకోవచ్చు. డ్రిఫ్ట్ అనే ప్రశ్నే రాదు.

మిడి బయటికే రాని పరికరం అయితే ముందు దాని రిథమ్‌ను ఆడియోగా పాట పొడవునా రికార్డ్ చేయండి. తర్వాత ప్రాజెక్టు టెంపోను దానికి సరిపెట్టండి. 3వ బార్ మొదటి దెబ్బ నుంచి 103వ బార్ మొదటి దెబ్బ వరకు సెకన్లు కొలిస్తే 4/4లో 400 బీట్లు. 24,000ను ఆ సెకన్లతో భాగిస్తే అసలు టెంపో వస్తుంది. 199.7 సెకన్లు వచ్చిందనుకోండి, టెంపో 120.18. ఆ దశాంశాలతో సహా ప్రాజెక్టులో పెట్టండి, ఆ తర్వాతే మిగతా వాయిద్యాలు, గొంతు రికార్డ్ చేయండి. ముందు పాడించేసి తర్వాత టెంపో సరిపెట్టాలనుకుంటే పని మూడింతలవుతుంది.

సరిచూసుకోవడం

మార్పులన్నీ అయ్యాక రెండో అడుగులోని నాలుగు నిమిషాల పరీక్ష పూర్తిగా మళ్లీ చేయండి, అవే ఐదు చోట్ల కొలవండి. మొదటి అంకెకూ చివరి అంకెకూ తేడా 2, 3 మిల్లీసెకన్ల లోపు, పక్కపక్క దెబ్బల ఊగులాట 3 లోపు, గ్రిడ్ నుంచి దూరం 5 లోపు ఉంటే పాట పనికి చాలు. మొదటి రెండు బార్లను లెక్కలోకి తీసుకోకండి. స్టార్ట్ సంకేతం అందాక పరికరం కుదురుకోవడానికి కొంచెం సమయం పడుతుంది, అందుకే పాటకు ముందు ఎప్పుడూ రెండు ఖాళీ బార్లు వదలాలి.

చెవితో చూడాలంటే సాఫ్ట్‌వేర్ క్లిక్‌ను ఎడమ వైపు, రికార్డ్ చేసిన రిమ్‌షాట్‌ను కుడి వైపు పెట్టి హెడ్‌ఫోన్లలో వినండి. రెండూ కలిసి ఒకే దెబ్బలా వినిపించాలి. టకటక అని విడిపోతే ఇంకా పని ఉంది.

ఆ తర్వాత అసలు పాట ప్రాజెక్టులో, ప్లగిన్లన్నీ ఆన్‌లో ఉంచి ఒక నిమిషం పరీక్షించండి. ఖాళీ ప్రాజెక్టులో బాగుండి ఇక్కడ తప్పితే, మాస్టర్ ప్లగిన్లను ఒక్కొక్కటిగా ఆపుతూ ఏది ఆలస్యం కలుపుతోందో చూడండి. దాన్ని మిక్సింగ్ దాకా ఆపి ఉంచితే సరి.